మ్లేచ్ఛ శబ్దము – ఆంధ్ర నామము

మ్లేచ్ఛ శబ్దము నిందావాచకమా, కాదా? పురాణపారాయణము చేయువారికి, ధర్మశాస్త్రములు చదువువారికి ఈ సందేహము తరచుగా కలుగుచుండును. ఈ మాటను అన్యదేశీయులపై, అన్యమతస్థులపై ప్రయోగించి, ఆక్షేపణ వచ్చినంతనే ధాతుపాఠమును చూపి సమర్థించుకొనువారు కలరు. మ్లేచ్ఛ ధాతువునకు అస్పష్టముగా పలుకుట అనియే అర్థము, అందు నింద ఎక్కడిది అని వారి వాదము. ధాత్వర్థము నిజమే. ఆ వాదము ఎంతవరకు నిలుచునో తెలియవలెనన్న, ఈ శబ్దము నడచిన త్రోవను చూడవలెను. దానితోపాటు, ఒకనాడు ఇంచుమించు అదే పంక్తిలో నిలుపబడిన మరియొక నామమును కూడ చూడవలెను. ఆ రెండవ నామము ఆంధ్ర.

శతపథ బ్రాహ్మణమునందు మ్లేచ్ఛ శబ్దము ఒక జాతికి పేరు కాదు. అసురులు శత్రువాచకమైన అరి శబ్దమును సరిగా పలుకలేక, రేఫమునకు మారుగా లకారమును ఉచ్చరించి పరాజితులైరని అందు కథ. అట్టి పలుకు మ్లేచ్ఛమని, బ్రాహ్మణుడు అట్లు పలుకరాదని ఆ గ్రంథము విధించినది. పతంజలి మహాభాష్యారంభమున వ్యాకరణాధ్యయన ప్రయోజనములను చెప్పుచు ఈ కథనే స్మరించెను. అనగా మ్లేచ్ఛత్వము తొలుత ఉచ్చారణదోషము. వేదాధ్యయనము చేయువానికే ఆ దోషము అంటవచ్చునని హెచ్చరిక. గ్రీకులు సైతము తమ భాష రానివారిని బర్బరులని పిలిచిరి. వారికిని పరభాష అర్థములేని ధ్వనిగానే వినబడెను.

భారతమునందు లాక్షాగృహమునకు బయలుదేరుచున్న ధర్మరాజునకు విదురుడు పొంచియున్న అపాయమును ఇతరులకు తెలియని మాటలలో సూచించెను. కుంతి ఆ మాటలేమని అడిగినది. ఆ సంభాషణమును మూలము మ్లేచ్ఛవాక్కు అనియే పేర్కొన్నది. ధర్మదేవతాంశజుడు పలికిన మ్లేచ్ఛభాష పాండవుల ప్రాణములను కాపాడినది. ఈ ఘట్టము పారాయణములలో సాధారణముగా చప్పుడు లేక దాటిపోవుచుండును.

కాలక్రమమున ఉచ్చారణమునుండి జనులకు, జనులనుండి వారి ఆచారమునకు, ఆచారమునుండి తిరస్కారమునకు ఈ శబ్దము జారినది. ఐనను అంతటను ఒకే తీరున జారలేదు. క్రీ.శ. 6వ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితయందు యవనులను మ్లేచ్ఛులనుచునే, జ్యోతిషము వారియందు సుప్రతిష్ఠితమై యుండుటచే వారిని ఋషులవలె పూజింతురని చెప్పెను. అంతకు ఎన్నియో తరములకు పూర్వమే, క్రీ.పూ. 2వ శతాబ్దమున, తక్షశిలనుండి విదిశకు దూతగా వచ్చిన హెలియొడోరుడు వాసుదేవునకు గరుడధ్వజమును ఎత్తించెను. బేస్‌నగర్ వద్ద నేటికిని నిలిచియున్న ఆ స్తంభముపై ఆయన తాను యవనదూతననియు, భాగవతుడననియు చెక్కించుకొన్నాడు. రెండు మాటలును ఆయనకు గౌరవవాచకములే.

ఇక ఆంధ్ర నామము. ఐతరేయ బ్రాహ్మణమునందలి శునశ్శేపోపాఖ్యానము తెలుగువారు ప్రత్యేకముగా చదువదగినది. అజీగర్తుడు నూరు గోవులకు అమ్మివేసిన బాలుడు వరుణయాగమున యూపమునకు కట్టబడి, దేవతాస్తుతిచే విముక్తుడాయెను. విశ్వామిత్రుడు అతనిని దేవరాతుడను పేర పుత్రునిగా స్వీకరించి జ్యేష్ఠత్వమిచ్చెను. విశ్వామిత్రుని నూర్గురు పుత్రులలో మధుచ్ఛందునితో కూడిన చిన్నవారు అంగీకరించిరి. పెద్దవారైన ఏబదిమంది ఒప్పుకొనలేదు. తండ్రి వారిని శపించెను. వారి సంతతి దేశపు అంచులకు పోయినదనియు, వారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అనియు, దస్యులలో పెక్కుమంది విశ్వామిత్ర సంతతియే యనియు బ్రాహ్మణము చెప్పుచున్నది. తెలుగుజాతి పేరు వైదిక వాఙ్మయమున కనబడు ప్రసిద్ధ స్థానము ఇదియే. అది ప్రశంస కాదు, శాపఫలముగా చెప్పబడిన పట్టిక. ఆ పట్టికలోనివారు గాయత్రీమంత్రద్రష్ట యొక్క జ్యేష్ఠపుత్రులే యనుట మాత్రము మరువరాదు.

మనుస్మృతియందలి దశమాధ్యాయము ఇంకను కఠినము. అందు ఆంధ్ర శబ్దము గ్రామమునకు వెలుపల నివసింపవలసిన ఒక సంకరజాతికి పేరైనది. భాగవతము ద్వాదశస్కంధమున కాణ్వరాజును చంపి రాజ్యమేలినవానిని ఆంధ్రజాతీయుడనుచు వృషలుడని పేర్కొన్నది. శాతవాహనులుగా శాసనములందు కనబడువారినే పురాణములు ఆంధ్రులనినవి. నాసికలో గౌతమీ బలశ్రీ వేయించిన శాసనము ఆ వంశమువాడైన తన కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణిని ఏకబ్రాహ్మణునిగా కీర్తించినది. ఒకే వంశమును పురాణము వృషలమన్నది, తల్లి బ్రాహ్మణమన్నది. ఆ తల్లియే తన కుమారుడు శక, యవన, పహ్లవులను నిర్మూలించినాడని గర్వముగా చెప్పుకొన్నది. నిందకు గురియైనవారు మరియొకరిని అదే పంక్తిలో నిలుపుట క్రొత్త సంగతి కాదు.

దీనికి మునుపే అశోకుడు తన 13వ శిలాశాసనమున యవన, కాంభోజ, ఆంధ్ర, పుళిందాది నామములను వరుసగా చెప్పియున్నాడు. ఆ శాసనము ఆంధ్రదేశమున ఎర్రగుడి యొద్ద శిలలపై కూడ కలదు. ఐతరేయ పట్టికలోని ఆంధ్ర, పుళింద నామములు ఇచటను జంటగనే ఉన్నవి. కాని ఇందు శాపము లేదు, ధర్మము అనుసరింపబడుచున్న జనపదములు అని మాత్రమే. పేర్లు అవియే. పలికినవాని దృష్టి వేరు.

భాగవతము ద్వితీయస్కంధమున శుకయోగి కిరాత, హూణ, ఆంధ్ర, పుళింద, యవనాది జనులను పేర్కొని, భగవదాశ్రితులను ఆశ్రయించుటచే వారును శుద్ధులగుదురని ప్రార్థించినాడు. భక్తులు ఈ శ్లోకమును మిక్కిలి ప్రీతితో ఉదాహరింతురు, అది సముచితమే. ఐనను తెలుగు భక్తుడు దీనిని చదువునపుడు, యవనునిపై జాలిపడుటకు ముందు తన పేరును కూడ ఆ వరుసలోనే చూచుకొనవలసి యుండును.

ఆ పేరు కృష్ణాతీరమున ఎంత మారినదో ఆముక్తమాల్యదా పీఠిక చెప్పును. కళింగ దండయాత్రా సమయమున శ్రీకాకుళమునందు శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున సాక్షాత్కరించి తెలుగున ప్రబంధము రచింపుమన్న దేవుడు ఆంధ్రవిష్ణువు. దస్యుల పట్టికలో ఉన్న నామము దేవుని నామమైనది. ధాతువు మారలేదు, వ్యుత్పత్తి మారలేదు. ఆ పేరు గలవారు దానిని తమదిగా చేసికొనిరి, అంతియే.

ఇచ్చట పూర్వమీమాంసయందలి పికనేమాధికరణము స్మరణీయము. పిక, నేమ, తామరస మొదలగు కొన్ని పదములు ఆర్యుల వ్యవహారమున లేక, మ్లేచ్ఛుల వ్యవహారమున మాత్రమే ఉండినవి. వేదమున అవి కనబడినపుడు అర్థమును నిరుక్తవ్యాకరణములచే ఊహించుకొనవలెనా, లేక మ్లేచ్ఛులు వాడుకొను అర్థమును గ్రహింపవలెనా అని ప్రశ్న. శబరస్వామి సిద్ధాంతము స్పష్టము: మ్లేచ్ఛ ప్రసిద్ధినే గ్రహింపవలెను. పక్షులను పెంచుటయందు, పట్టుటయందు వారే నిపుణులు గదా, పికమనగా కోకిల యని వారికి తెలిసినంతగా ఎవరికి తెలియును? తరువాత కుమారిలభట్టు ద్రావిడభాషా పదములను సాగదీసి సంస్కృతార్థములు కట్టువారిని తంత్రవార్తికమున ఆక్షేపించెను. వేదార్థ విషయముననే మీమాంసకులు వ్యవహర్తల మాటను ప్రమాణముగా అంగీకరించిరి. అట్టిచో ఒక జనసముదాయమును పిలుచు పేరు వారికి గాయమగునో లేదో చెప్పుటకు ధాతుపాఠము ప్రమాణమగునా, ఆ పేరుతో పిలువబడువారి అనుభవము ప్రమాణమగునా? మ్లేచ్ఛ శబ్దమునకు ధాత్వర్థమును అడ్డుపెట్టువారు ఈ అధికరణమును విడిచిపెట్టుచున్నారు.

ఆ భాష్యకర్త పేరు శబరుడగుట ఒక విచిత్రము. ఐతరేయ పట్టికలో ఆంధ్రుల ప్రక్కన నున్నవారు శబరులే. రామాయణమున మతంగాశ్రమమందు శ్రీరాముని కొరకు వేచియున్న తపస్విని పేరున ఆ జాతినామమే వినబడును. పూరీ జగన్నాథుని నీలమాధవ రూపమున తొలుత అర్చించినవాడు విశ్వావసువను శబరుడని ఐతిహ్యము. ఆ పేరును మోయువారు నేటికిని సీతంపేట, పార్వతీపురము మన్యములలో సవరలుగా నివసించుచున్నారు. గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి వారి భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చినాడు. 1931లో వెలువడిన వ్యాకరణ గ్రంథపు శీర్షికయందు ఆ జనులు తమను తాము చెప్పుకొను సొర అను పేరును ముందుంచి, ఇతరులు పిలుచు సవర నామమును వెనుక నుంచినాడు. గ్రాంథికవాదులకు ఆయనతో ఎన్ని విభేదములున్నను, ఈ ఒక్క మర్యాదను కాదనుటకు వీలులేదు.

హిందూ శబ్దము చరిత్రయు ఇట్టిదే. సింధునదినుండి పారసీకులు కల్పించిన ఈ పేరు పారసీక కవిత్వమున నల్లనివాడు, దాసుడు అను అర్థములలో కూడ వాడబడినది. చెలి చెక్కిలిపై పుట్టుమచ్చను హిందూ అని హాఫిజ్ వర్ణించినాడు. దయానంద సరస్వతి ఆర్య నామమునే ఆదరించినాడు. అంతకు ముందే, 14వ శతాబ్దమున, విజయనగర ప్రభువులు హిందూరాయసురత్రాణ బిరుదమును ధరించిరి. అందు సగము పేరు పరులు పెట్టినది, సగము పదవి సుల్తానులది. తెలుగున తురక అను మాట తురుష్క జాతివాచకముగా వచ్చి, మతవాచకమై, నేడు ఆ సముదాయమువారికి తిరస్కారముగా వినబడుచున్నది. తురుష్కుడని వ్యుత్పత్తి చెప్పినంత మాత్రమున ఆ వినికిడి మారదు.

మంచి వ్యుత్పత్తి గల పేరు సైతము నొప్పింపగలదు. హరిజన శబ్దముకంటె పవిత్రమైన వ్యుత్పత్తి వైష్ణవునకు మరియొకటి ఏమున్నది? గాంధీ మహాత్ముడు దానిని సద్భావముతోనే ప్రచారము చేసి, 1933లో ఆ పేర పత్రికను స్థాపించినాడు. డాక్టరు అంబేడ్కరు దానిని అంగీకరింపలేదు. ఆ పేరు పరుల దయచే వచ్చినదే గాని తాము ఎంచుకొన్నది కాదని ఆ జనులలో పెక్కుమంది తలచిరి. 1982లో కేంద్రప్రభుత్వము అధికార వ్యవహారమున ఆ పదమును వాడరాదని సూచించినది. షెడ్యూల్డు కులములు, తెగలవారిని బహిరంగముగా కులనామముతో దూషించుట నేరమని 1989 నాటి చట్టమునకు 2015లో చేసిన సవరణ స్పష్టముగా చెప్పినది. అచ్చట న్యాయస్థానమునకు కావలసినది ధాత్వర్థము కాదు.

తాము ఎంచుకొన్న పేరు ఏదియో ఆ జనులు అంతకు చాలకాలము ముందే బెజవాడలో చెప్పియున్నారు. 1917లో అచ్చట ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగినది. అధ్యక్షుడు హైదరాబాదు వాస్తవ్యుడైన భాగ్యరెడ్డివర్మ. చాతుర్వర్ణ్యమునకు వెలుపల ఐదవవారు అను అర్థము గల పంచమ శబ్దము తమకు అంగీకారము కాదని, తాము ఈ దేశపు తొలి నివాసులమని ఆయన వాదించెను. సభ తన పేరును ఆది ఆంధ్ర మహాజనసభగా మార్చుకొన్నది. 1922లో మద్రాసు ప్రభుత్వము పంచమాది పదములకు మారుగా ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర నామములను అంగీకరించినది. ఐతరేయమున దేశపు అంచులకు నెట్టబడినవారి పేరును, గ్రామపు అంచున నిలుపబడినవారు ఆది శబ్దమును చేర్చి తమ పేరుగా కోరి తీసికొన్నారు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులముల జాబితా తెరచినచో తొలి వరుసలలోనే ఆ పేరు కనబడును.