గని పక్క బడిలో సోషల్ పాఠం

గోదావరిఖనిలో కాలనీ పేరు వింటేనే గని గుర్తొస్తుంది. ఎనిమిదో ఇంక్లైన్ గని పేరు మీద వెలసినదాన్ని ఊరంతా యైటింక్లైన్ కాలనీ అంటుంది. సోషల్ టీచరుకు ఇంతటి ముడిసరుకు దొరికే ఊళ్లు తక్కువ. అదంతా తరగతి గదిలోకి రావడానికే చాలా కాలం పట్టింది.

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనుగొన్నారు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పొందింది, 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. గోదావరి దక్షిణ గట్టున, గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతపు గనులు పుంజుకున్నది 1960లలో.

బడి కథ కూడా ఇంచుమించు అప్పటిదే. నిజాం కాలంలో ఉన్నత పాఠశాల చదువు ఎక్కువగా ఉర్దూలో సాగేది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలను కలిపి సాంఘిక శాస్త్రంగా చెప్పాలన్న ఆలోచనకు 1952-53 నాటి ముదలియార్ కమిషన్ ఊపునిచ్చింది. అంటే ఈ సబ్జెక్టూ, రామగుండం గనులూ ఒకే తరంలో ఎదిగాయి.

కానీ ఆ రెండూ కలుసుకోలేదు. ఇంట్లో నాన్న నైట్ షిఫ్ట్ దిగి వస్తుంటే, పిల్లవాడు అవుట్‌లైన్ మ్యాప్‌లో ఝరియా, రాణిగంజ్ బొగ్గు గనులు ఎక్కడున్నాయో వల్లె వేసేవాడు. సింగరేణి ఆ పటంలో ఒక చుక్క. మార్కులు వచ్చేవి, ఊరు మాత్రం అర్థమయ్యేది కాదు.

ఒక కార్మికుడి పే స్లిప్ బల్ల మీద పెట్టి చూడండి. బేసిక్, వీడీఏ (కరువు భత్యం) వరుసగా ఉంటాయి. కింద సీఎంపీఎఫ్, అంటే బొగ్గు గనుల భవిష్య నిధి కోత కనిపిస్తుంది. ఆ భవిష్య నిధి వెనక 1948 నాటి చట్టం ఉంది. పని గంటల వెనక 2025 దాకా 1952 గనుల చట్టం ఉండేది: భూగర్భంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని. ఇక జీతమిచ్చే కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. 1973లో దేశంలోని బొగ్గు గనులు జాతీయమైనప్పుడు సింగరేణి అప్పటికే ప్రభుత్వానిది కాబట్టి, కోల్ ఇండియాలో కలవకుండా విడిగా నిలిచింది. సమాఖ్య వ్యవస్థ గురించి ఇంతకన్నా సులువైన పాఠం ఏముంటుంది?

భద్రతా చట్టాలు ఎందుకో కూడా ఈ ఊరికి వేరే చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అది పుస్తకంలో ఉన్నా లేకపోయినా, ఇక్కడి ఇళ్లలో ఉంది.

చదువును బడి బయటి బతుకుతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది, 2011 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్రం ఆ దారినే నడిచింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన పదో తరగతి పుస్తకంలో తెలంగాణ ఉద్యమం ఒక పాఠమైంది. ఆ ఉద్యమంలో భాగంగా జరిగిన 2011 సకల జనుల సమ్మెలో గనులు నెల రోజులకు పైగా ఆగిపోయాయి. అప్పుడు సమ్మెలో ఉన్నవాళ్ల పిల్లలే ఆ పాఠాన్ని బెంచీల మీద చదివారు. పుస్తకం ఊరికి దగ్గరైన అరుదైన సందర్భమది.

గని మాత్రం వేగంగా మారిపోతోంది. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. ఓపెన్ కాస్ట్ గనులు విస్తరించాయి. టబ్బుల్లో చేతులతో బొగ్గు నింపినవాళ్లు ఎప్పుడో రిటైరయ్యారు. రామగుండం బడుల్లో సోషల్ చెప్పేవాళ్లు ఈ ఏడాది ప్రాజెక్టుగా పిల్లలకు ఒకే పని ఇస్తే బాగుంటుంది: ఇంట్లోనో, వాడలోనో ఉన్న రిటైర్డ్ కార్మికుడి దగ్గర కూర్చుని, ఆయన ఏ గనిలో ఏ పని చేశారో రాసుకు రమ్మనండి. ఆ నోటుబుక్కులను బడిలోనే భద్రపరచండి.