తారుమారైన అక్షరములు

నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఉప్పునుంతల పేరును ఒకమారు నిదానముగా పలికి చూడుడు. చివర వినవచ్చునది "తల". ఆ రెండక్షరములను వెనుకనుండి పలికినచో "లత" యగును. "నది"ని తిరుగవేసిన "దిన" మగును. "రాధ"ను తిరుగవేసిన భూమికి పేరైన "ధరా" శబ్దము వచ్చును. ఇందులకు కాగితము అక్కరలేదు. చెవి యున్న చాలును.

ఒక మాటలోని అక్షరములను తారుమారు చేసి వేరొక మాటను కూర్చుటకు ఇంగ్లీషులో అనగ్రామ్ అని పేరు. ఆ భాషలో విను అను అర్థము గల మాట "లిసన్". మౌనముగా నుండు అను అర్థము గలది "సైలెంట్". రెండింటిలోను ఆరక్షరములే, అవే అక్షరములు. కాని చెవికి ఈ బంధుత్వము తెలియదు. ఎల్, ఐ, ఎస్, టి, ఈ, ఎన్ అని గుణించి చూచుకొనినప్పుడే తెలియును. ఇందులో మరియొక వింత కూడ కలదు. "విను" అను మాటలో టి అను అక్షరము పలుకదు. "మౌనము" అను మాటలో పలుకును! పైకి విరుద్ధముగా తోచి, లోన సత్యము గల ఇట్టి మాటను ఇంగ్లీషువారు పారడాక్స్ అందురు. మన ఆలంకారికులు దీనికి దగ్గరగా నుండు దానిని విరోధాభాస మనిరి.

ఇంగ్లీషు అనగ్రామ్ కంటికి సంబంధించినది. మనది చెవికి సంబంధించినది. కారణము లిపిలోనే కలదు. ఇంగ్లీషులో అచ్చు వేరు, హల్లు వేరు, విడివిడిగా నిలుచును. తెలుగులో హల్లును అచ్చును కలసి ఒక్క అక్షరమగును; అదియే ఒక్క పలుకు. "వికటకవి" అను మాట మనకు ఎటునుండి పలికినను వికటకవియే. దానిని ఇంగ్లీషు లిపిలో వ్రాసి వెనుకనుండి చదివినచో ఏ భాషకును చెందని మాట వచ్చును.

కంటి విద్యకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియోది. 1610లో ఆయన దూరదర్శిని యందు శనిగ్రహమును చూడగా అది మూడు బింబములుగా కనబడినది. సంగతి అప్పుడే బయటపెట్టుటకు ఇష్టము లేదు. తానే ముందు కనుగొంటినని నిరూపించుకొనవలెనన్న కోరిక మాత్రము కలదు. అందుచే ఒక లాటిన్ వాక్యములోని అక్షరములను కలగాపులగము చేసి మిత్రులకు పంపెను. కెప్లర్ మహాశయుడు ఆ ముడి విప్పబోయి, కుజునకు రెండు చంద్రులు కలవని చదువుకొనెను. అది తప్పు పఠనము. కాని 1877లో కుజునకు నిజముగనే రెండు చంద్రులు కనబడిరి! తప్పుగా చదివిన మాట నిజమగుట కన్న విరోధాభాస మేమి యుండును?

చెవి విద్యకు మన అవధానములోని వ్యస్తాక్షరి ఉదాహరణము. పృచ్ఛకుడు ఒక వాక్యమును మనసున నుంచుకొని, వరుస తప్పించి, ఇది ఏడవ అక్షరము, ఇది రెండవది అని నడుమ నడుమ ఒక్కొక్కటే చెప్పును. అవధాని మిగిలిన ప్రశ్నలకు పద్యములు చెప్పుచునే, చివర వాక్యమంతయు వరుసగా అప్పగించవలెను. గెలీలియో ముడిని విప్పువారికి కాగితము కలదు, అవధానికి జ్ఞాపకమొక్కటే.

పాలమూరు సీమలో ఇట్టి విద్యకు సంస్థానములు నీడనిచ్చినవి. విద్వద్గద్వాల యను పేరు ఊరకే రాలేదు. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయముగా చంద్రికాపరిణయ మను ప్రౌఢ ప్రబంధమును రచించెను. 16వ శతాబ్దమున పింగళి సూరన రామకథను, భారతకథను ఒకే కావ్యమున ఇమిడ్చి రాఘవపాండవీయము వ్రాయగా, తరువాతి శతాబ్దమున జటప్రోలు ఆస్థానకవి ఎలకూచి బాలసరస్వతి కృష్ణకథను కూడ చేర్చి మూడర్థముల రాఘవయాదవపాండవీయమును రచించెను.

ఒకే మాట రెండర్థముల నిచ్చుట ఎట్లని అడుగవచ్చును. పాలమూరు రైతు నోట నుండు "వాన రాక" అను మాటనే తీసికొనుడు. వాన వచ్చుట అనియు అర్థమే, వాన రాకపోవుట వలన అనియు అర్థమే. ఒకదానికి పొలము పండును, రెండవదానికి ఊరు వలసపోవును. సంస్కృతమున విషమనగా గరళము, నీరు కూడ. కావున మేఘము విషమును కురిసి లోకమును బ్రతికించునన్నచో అసత్యము కాదు.

సంస్థానములు అంతరించినవి. శ్రీశైల జలాశయములో పాత జటప్రోలు మునిగినది. అచటి ఆలయముల రాళ్లను విప్పి, వేరొక చోట వరుస తప్పక పేర్చి తిరిగి నిలిపిరి. అదియు ఒక వ్యస్తాక్షరియే. కాని కవితాగోష్ఠులను అట్లు విప్పి పేర్చుటకు వీలులేదు. అవి వినువారున్నప్పుడే యుండును.

ఒక పాత సంస్కృత సూక్తిలోని చమత్కారము ఇచట గుర్తుకు వచ్చుచున్నది. చదువుకొన్నవారు "సాక్షరా"; ఆ మాట తలక్రిందులైన "రాక్షసా". రసికుడు "సరస", అది ఎట్లు తిరిగినను సరసయే. చదువు ఒక్కటే చాలదు, హృదయము కూడ వలయునని దాని భావము. అక్షరము రాని బోయవాడు "మరా మరా" యని జపించి, తనకు తెలియకనే "రామ రామ" యని పలికి వాల్మీకి యయ్యెనన్న కథ దీనికి రెండవ వైపు. అతనిని తరింపజేసినది వ్రాత కాదు, మాట.

మన పిల్లలు నేడు ఇంగ్లీషు అక్షరములను గుణించి నేర్చుకొనుచున్నారు. నేర్చుకొనవలసినదే. ఆ భాషలోని వింతలను కంటితో గ్రహింతురు గాక. కాని చదువురాని అవ్వ కూడ పొడుపు విప్పగలిగిన చెవి విద్యను విడువరాదు. ఈ రాత్రి భోజనముల తరువాత రేడియో కట్టివేసి, ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఎనిమిదక్షరముల వాక్యమొకటి వరుస తప్పించి పిల్లలకు చెప్పి చూడుడు. ముందుగా విప్పునది మనుమడో, అవ్వయో, మీకే తెలియును.