ఇంటి గోడకు వైన్ ర్యాక్ పెట్టిస్తున్నారా? డిజైన్ తర్వాత.. ముందు గోడ, ఎండ సంగతి చూడండి!

ఆన్‌లైన్‌లో 'వైన్ ర్యాక్' అని కొడితే చాలు.. ఇనుప రింగులవి, టేకు చెక్కవి, తేనెపట్టు గళ్లవి అంటూ వందల డిజైన్లు వచ్చి పడతాయి. ఫొటోలో ఏసీ హాలు, తెల్లటి గోడ, దాని మీద డజను సీసాలు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఫొటోలో కనిపించనివి రెండున్నాయి. ఒకటి శ్రీసత్యసాయి జిల్లా ఎండ, రెండోది మన ఇంటి గోడ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో ఈ రెండింటినీ పట్టించుకోకుండా ర్యాక్ బిగిస్తే వైన్ పాడవుతుంది, లేదంటే సీసాలతో సహా ర్యాకే ఊడి కిందికి వస్తుంది.

అసలు అందులో పెట్టేది వైనేనా?

ప్రశ్న వింతగా అనిపించొచ్చు. మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డున్న షాపులో ఎక్కువగా అమ్ముడయ్యేది విస్కీ, బ్రాందీ, బీరే. ద్రాక్షతో చేసిన అసలు వైన్ ఏదో మూల నాలుగు సీసాలుంటే గొప్ప. ఇక్కడే చాలామంది పొరపడతారు. వైన్ ర్యాకులో సీసాను పడుకోబెట్టడానికి ఒక కారణం ఉంది. కార్క్ బిరడాకు లోపలి వైన్ తగులుతూ ఉండాలి. కార్క్ ఎండిపోతే కుంచించుకుపోయి గాలి లోపలికి పోతుంది, వైన్ పులిసిపోతుంది. విస్కీ, బ్రాందీ, రమ్ సంగతి దీనికి పూర్తిగా రివర్స్. వాటిలో ఆల్కహాల్ 40 శాతానికి పైనే ఉంటుంది కాబట్టి పడుకోబెడితే అది బిరడానే తినేస్తుంది. వాటిని నిలబెట్టే ఉంచాలి. బీరు కూడా అంతే.

ఇంకో విషయం. మన దేశంలో తయారయ్యే వైన్లలో చాలావాటికి ఇప్పుడు కార్క్ బదులు తిప్పే మూతే వస్తోంది. అలాంటి సీసాను పడుకోబెట్టినా, నిలబెట్టినా తేడా ఉండదు. మీరు కొనేవన్నీ మూత తిప్పే రకమే అయితే ప్రత్యేకంగా వైన్ ర్యాకే అక్కర్లేదు, ముందు చిన్న అడ్డపట్టీ ఉన్న మామూలు గోడ షెల్ఫ్ సరిపోతుంది. డబ్బులు కూడా మిగులుతాయి.

పట్టుపురుగుల షెడ్డు లెక్కే!

వైన్‌కు నచ్చే వేడి 12 నుంచి 15 డిగ్రీలు. 25 దాటితే త్వరగా ముదిరిపోతుంది. 30 పైన వారాల తరబడి ఉంటే రుచి ఉడికించిన పండులా మారుతుంది. కొన్నిసార్లు లోపలి ద్రవం ఉబ్బి కార్క్ పైకి తన్నుకొస్తుంది, సీసా మెడ దగ్గర జిగట కనిపిస్తుంది. అలా జిగట కనిపించిన సీసా ఎండకు దెబ్బతిన్నట్టే లెక్క.

ఏప్రిల్, మేలో ధర్మవరంలో 40 డిగ్రీలు మామూలే. హిందూపురం కాస్త నయం. ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంటే హిందూపురం సుమారు 620 మీటర్ల ఎత్తులో ఉంది. అందుకే రాత్రిళ్లు చల్లబడుతుంది. కానీ వైన్‌కు ఆ చల్లదనం సరిపోదు. పైగా పగలు కాగి, రాత్రి చల్లారి, మళ్లీ పొద్దున్నే కాగడం ఇంకా చెడ్డది. ఒకే రకంగా 24 డిగ్రీలున్న గది కంటే 20కీ 34కీ మధ్య ఊగే గది వైన్‌కు ఎక్కువ హాని చేస్తుంది.

ఇది హిందూపురం, మడకశిర వైపు పట్టురైతులకు చెప్పాల్సిన పని లేదు. పురుగుల షెడ్డులో 25 డిగ్రీల అటూఇటూ ఉండేలా చూడటానికి వాళ్లు తడి గోనెపట్టాలు కడతారు, పైన కొబ్బరి మట్టలు వేస్తారు, గోడకు థర్మామీటరు తగిలిస్తారు. ర్యాక్ కొనే ముందు చేయాల్సిన మొదటి పని కూడా ఆ థర్మామీటరు కొనడమే. ర్యాక్ పెట్టాలనుకున్న చోట దాన్ని వారం రోజులు ఉంచి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూసి రాసుకోండి. తేడా పది డిగ్రీలుంటే ఆ గోడను వదిలేయడం మంచిది.

ఎండ లెక్కలో కొన్ని గోడలు చూడకుండానే పక్కన పెట్టొచ్చు. పడమటి గోడ సాయంత్రం దాకా కాగుతుంది. స్టవ్ ఉన్న గోడ, దానికి అవతలి వైపు గోడ రెండూ వద్దు. ఫ్రిజ్ పైన ఖాళీ కనిపిస్తే అక్కడ పెట్టేస్తుంటారు, కానీ ఫ్రిజ్ విడుదల చేసే వేడంతా పైకే పోతుంది. కిటికీకి ఎదురు గోడ మీద నేరుగా వెలుగు పడితే ముఖ్యంగా తెల్ల గాజు సీసాల్లోని వైన్ పాడవుతుంది. పై అంతస్తులో అయితే శ్లాబు వేడి. అక్కడ సీలింగ్‌కు దగ్గరగా ఒక డిగ్రీ, నడుము ఎత్తులో ఇంకో డిగ్రీ ఉంటుంది కాబట్టి ర్యాక్ ఎంత కిందికి ఉంటే అంత మేలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ సలహా పనికిరాదు. అప్పుడు వాళ్ల చేతికి అందని ఎత్తు, ఇంటి మధ్యలోని లోపలి గోడ, అదే దారి. వీలైతే తలుపున్న ర్యాక్.

ఇవన్నీ పాటించినా వేసవి రెండు నెలలు గోడ మీద వైన్ ఉంచకపోవడమే తెలివి. సీసాలను ఫ్రిజ్ కింది అరలోకి మార్చేయండి. ఏళ్ల తరబడి దాచుకునే ఖరీదైన వైన్ అయితే ఈ ఊళ్లలో గోడ ర్యాక్ దానికి చోటు కానే కాదు, కరెంటుతో నడిచే వైన్ కూలర్ కొనాల్సిందే. గోడ ర్యాక్ నెలా రెండు నెలల్లో తాగేసే సీసాల కోసం మాత్రమే.

పాత గోడ గట్టిదే.. కానీ!

పెనుకొండ పాత ఊళ్లో ఇంకా రాతి గోడల ఇళ్లున్నాయి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు అది. కోట చుట్టుపక్కల రాతికి కొదవ లేదు. అలాంటి గోడలు, మట్టి మిద్దెలు వేసవిలో కూడా చల్లగా ఉంటాయి. వైన్ కోణంలో చూస్తే ఇంతకు మించిన గోడ లేదు. చిక్కల్లా మేకు దగ్గరే. రాళ్ల మధ్య మట్టితోనో సున్నంతోనో కట్టి ఉంటుంది. డ్రిల్లు ఆ సందులోకి దిగితే మట్టి రాలుతుంది తప్ప ప్లగ్ పట్టదు. రాయి మధ్యలో రంధ్రం పడితేనే నిలబడుతుంది.

అయినా పాత ఇంట్లో డ్రిల్లు ఎందుకు? దీపం పెట్టుకోవడానికి, ఉప్పు జాడీ పెట్టుకోవడానికి గోడలోనే వదిలిన గూళ్లు ఉండనే ఉంటాయి. సీసా పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. గూడు లోతు అంతకు దగ్గరగా ఉంటే కార్పెంటరుతో అందులో సరిగ్గా సరిపోయే చెక్క చట్రం చేయించుకోండి. గోడకు ఒక్క రంధ్రం పెట్టక్కర్లేదు, సీసాలు పడతాయన్న భయమూ ఉండదు. మార్కెట్‌లో దొరికే ఏ ర్యాక్ కన్నా ఇదే మేలు. దీపం పెట్టే గూడును మాత్రం దీనికి వాడితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, అది వేరే సంగతి.

కొత్త ఇళ్లలో పరిస్థితి వేరు. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ప్లాంటు మొదలయ్యాక పెనుకొండ చుట్టూ అపార్టుమెంట్లు, అద్దె ఇళ్లు పెరిగాయి. కొత్త కట్టడాల్లో ఎర్ర ఇటుకే కాదు, సిమెంటు హాలో బ్లాకులు, తేలికపాటి తెల్ల బ్లాకులు కూడా వాడుతున్నారు. పైన ప్లాస్టరింగ్, పెయింట్ ఉంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మేస్త్రీని అడగడం, లేదా ఒక చిన్న రంధ్రం పెట్టి చూడటం తప్పదు. ఎర్రటి పొడి వస్తే ఇటుక. బూడిద రంగు పొడి వస్తూ డ్రిల్లు ఒక్కసారిగా లోపలికి జారిపోతే హాలో బ్లాకు. తెల్లటి మెత్తని పొడి సులువుగా రాలిపోతుంటే తేలిక బ్లాకు.

ఇటుక గోడకైతే 8 ఎంఎం ప్లగ్గు, పొడవాటి స్క్రూ సరిపోతాయి. స్క్రూలో మొదటి ఒకటిన్నర సెంటీమీటరు దాకా ప్లాస్టరింగ్‌లోనే పోతుంది, దానికి బలం లేదు. అందుకే ర్యాకుతో పాటు ప్యాకెట్లో వచ్చే పొట్టి స్క్రూలను నమ్మొద్దు. హాలో బ్లాకులో మామూలు ప్లగ్గు ఖాళీలో వేలాడుతుంది, లోపల విచ్చుకునే యాంకర్లు వాడాలి. తేలిక బ్లాకుకు దాని కోసమే తయారైన నైలాన్ ప్లగ్గులు దొరుకుతాయి. అక్కడ హ్యామర్ మోడ్ ఆపేసి డ్రిల్లు తిప్పాలి, లేకపోతే రంధ్రం పెద్దదై పట్టు పోతుంది. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా ఎక్కడా డ్రిల్లు పెట్టకండి, వైర్లు అటే వెళ్తాయి. బాత్రూం గోడకు అవతలి వైపు అయితే పైపులుంటాయి.

ధర్మవరంలో ఇంకో ప్రత్యేకత మగ్గం. చాలా ఇళ్లలో మగ్గం గది, నివాసం ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. పలక పడిన ప్రతిసారీ ఆ గోడకు చిన్న అదురు. రోజంతా అదిరే గోడకు బిగించిన స్క్రూ నెమ్మదిగా వదులవుతుంది, ఇనుప రింగుల్లో సీసాలు టంగుటంగుమంటాయి. పాత ఎర్ర వైన్‌లో అడుగుకు దిగిన మడ్డి కూడా కదులుతుంది. మరమగ్గం ఉన్న గోడ అయితే ఆలోచనే మానుకోవాలి.

బరువు లెక్క ఇదీ..

నిండు వైన్ సీసా, అంటే 750 మిల్లీలీటర్లది, గాజుతో కలిపి సుమారు 1.3 కిలోలు తూగుతుంది. మందపాటి గాజుదైతే ఇంకా ఎక్కువ. 12 సీసాలు అంటే 16 కిలోలు, ర్యాక్ ఒక 4 కిలోలు, మొత్తం 20. 'ఇరవై కిలోలేగా' అనుకుంటారు. అసలు లెక్క గోడ నుంచి బరువు ఎంత ముందుకు వస్తుందన్నది. మెడ బయటికి ఉండేలా సీసాలను గోడలోకి తోసినట్టు పెట్టే ర్యాకులో బరువు గోడకు సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. పై స్క్రూలకు, కింది స్క్రూలకు మధ్య 45 సెంటీమీటర్ల ఎడం ఉంటే పై స్క్రూలను బయటికి లాగే బలం 7 కిలోల లోపే. అదే ఎడం 10 సెంటీమీటర్లే ఉంటే ఆ లాగుడు 30 కిలోలు అవుతుంది. సీసాలు అవే, గోడా అదే. అందుకే అడ్డంగా సాగిన ర్యాక్ కంటే నిలువుగా పొడవున్న ర్యాక్ మేలు. సీసాలు గోడకు సమాంతరంగా, లేబుల్ కనిపించేలా పడుకునే రకం అయితే ఇంకా నయం, బరువు గోడకు అతుక్కునే ఉంటుంది.

చెక్కా, ఇనుమా అన్నది ఇష్టం మీద ఆధారపడింది. చెక్కకు చెదలు, ఇనుముకు తుప్పు చూసుకుంటే చాలు. కొలత ఇస్తే వెల్డింగ్ షాపులో కూడా చేసిస్తారు. రింగు వ్యాసం 9 సెంటీమీటర్లకు తగ్గకుండా చెప్పండి, మెరిసే నురగ వైన్ సీసాలు మామూలు వాటికన్నా లావుగా ఉంటాయి.

ఎన్ని సీసాలది కొనాలి?

ఆరు సీసాలది చాలు. దీనికి ఎండ ఒక కారణం, చట్టం ఇంకో కారణం. హిందూపురం నుంచి కాసేపు వెళ్తే కర్ణాటక. దొడ్డబళ్లాపుర దగ్గర నంది కొండల కిందే ద్రాక్ష తోటలు, గ్రోవర్ జంపా వైనరీ ఉన్నాయి. బెంగళూరు వెళ్లొచ్చేటప్పుడు నాలుగు సీసాలు కారులో వేసుకుని రావాలనిపించడం సహజం. కానీ ఇతర రాష్ట్రాల నుంచి మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు చెప్పిన తర్వాత, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులు మార్చి పర్మిట్ లేకుండా తేవడానికి వీల్లేదంది. ఒక మనిషి దగ్గర ఎంత మద్యం ఉండొచ్చన్న దానికీ పరిమితి ఉంది, వైన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఉత్తర్వులు మారుతుంటాయి కాబట్టి ప్రస్తుత పరిమితి ఎంతో స్థానిక ఎక్సైజ్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోవాలి. హాల్లో, వచ్చినవాళ్లందరికీ కనిపించేలా 24 సీసాల ర్యాక్ నింపి పెట్టుకుంటే వాటి బిల్లులు కూడా దగ్గర ఉండాలి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కారు ఆపితే 'ఇంట్లో ర్యాక్ కోసం' అన్న మాట పనిచేయదు. మే నెలలో డిక్కీలో మూడు గంటలు ప్రయాణించిన వైన్ ఎలాగూ ఇంటికి చేరేసరికే సగం ఉడికి ఉంటుంది.

బిగించిన రోజే సీసాలు పెట్టొద్దు

అద్దె ఇంట్లో ఉంటే ముందు ఓనరును అడగాలి, వద్దంటే నేల మీద నిలబడే చిన్న ర్యాక్ తీసుకోవచ్చు. సొంత గోడ అయితే బిగించాక ర్యాకుకు ఇసుక సంచులు వేలాడదీసి ఒక రాత్రి వదిలేయండి. సీసాల బరువుకు ఒకటిన్నర రెట్లు, అంటే ఆరు సీసాలకు 12 కిలోల ఇసుక. తెల్లారాక ర్యాకుకు, గోడకు మధ్య సందు వచ్చిందేమో చూడాలి. పలుచటి పోస్టుకార్డు దూరినా సరే, స్క్రూ కదిలినట్టే. ఆ రంధ్రంలోనే ఇంకాస్త బిగించడం కాదు, స్క్రూ తీసేసి, అక్కడికి నాలుగు వేళ్ల దూరంలో కొత్త రంధ్రం పెట్టించాలి.