పహిల్వాన్ తాఖత్ ఎక్కడుంది? లంగోట్‌లనా, నీంద్‌లనా?

దంగల్ దగ్గర పడుతుంటే పెళ్లయిన పిలగాణ్ని పెద్దలు పక్కకు పిలిచి ఒక మాట చెప్తరు: "కొన్నాళ్లు బీవీకి దూరంగా ఉండు బేటా, లేకుంటే తాఖత్ పోతది." కుస్తీ పోయి కబడ్డీ వచ్చింది, తాలీమ్ పోయి జిమ్ వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఈ మాట మాత్రం పోలేదు. ఇట్లాంటి సంగతి ఎత్తితే షరమ్ అనుకుంటం. కానీ దీన్ తెలుసుకోవడానికి అన్సార్ ఔరతులకు హయా అడ్డు రాలేదని బీబీ ఆయిషా (రజి.) మెచ్చుకున్నారు. ఆ ధైర్యంతోనే ఈ మాట తారీఖ్ ఏందో చూద్దాం.

ఇది మన దగ్గర పుట్టిన మాట మాత్రమే కాదు. గ్రీకుల ఒలింపిక్ ఆటల్లో గెలిచిన ఇక్కోస్ అనే ఆటగాడు సాధన చేసినన్నాళ్లు ఆడవాళ్ల జోలికి పోలేదని అఫ్లాతూన్, అంటే ప్లేటో, తన కితాబులో రాశాడు. మన అఖాడాల్లో దీనికి 'లంగోట్ కా పక్కా' అని పేరు. తిన్న తిండి రక్తమై, రక్తం మాంసమై, అట్లా ఒక్కో మెట్టూ ఎక్కి చివరికి వీర్యమైతదని పాత వైద్యం చెప్పింది. అందుకే అది పోతే తాగిన పాలు, తిన్న నెయ్యి, బాదం అన్నీ పోయినట్టేనని పహిల్వాన్ల లెక్క. బనారస్ అఖాడాల మీద జోసెఫ్ ఆల్టర్ 1992లో తెచ్చిన పుస్తకంలో ఈ నమ్మకం ఎంత లోతుగా పాతుకుందో కనబడ్తది.

అయితే ఉస్తాద్ పెట్టిన కాయిదాలు ఇంకా ఉన్నయి. పొద్దుగూకినంక తిరుగుళ్లు బంద్. తొందరగా పండుకోవాలె. ఫజర్ కంటే ముందే లేచి దండ్, బైఠక్ తియ్యాలె. బీవీకి దూరం, కడుపునిండా నీంద్: ఈ రెండింటినీ ఉస్తాద్ ఒక్క ముడిలో కట్టిండు. తాఖత్ వచ్చింది నీంద్ వల్ల, పేరు దక్కింది లంగోట్‌కు అని నాకనిపిస్తది.

మన దీన్ ఈ ముడిని మొదటి రోజుల్లోనే విప్పింది. రసూలుల్లాహ్ (స.అ.స.) రుకానా అనే పేరుమోసిన పహిల్వాన్‌తో కుస్తీ పట్టి పడేసిన రివాయత్ ఉంది. ఒంటి బలాన్ని దీన్ తక్కువ చెయ్యలేదు. కానీ ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి.) సంసారం విడిచి ఉంటానంటే ఆయన ఇజాజత్ ఇవ్వలేదు. అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి.) రోజూ రోజా ఉండి, రాత్రంతా ఇబాదత్‌లో నిలబడుతున్నారని తెలిసినప్పుడు, నీ ఒంటికి నీ మీద హక్ ఉంది, నీ కళ్లకు హక్ ఉంది, నీ బీవీకి హక్ ఉంది అని సమఝాయించారు. ఒళ్లు, కన్ను, బీవీ మూడూ ఒక్క వరుసలో వచ్చినయి చూడండి. ఇబాదత్ పేరు మీదనే వీటిని ఎగ్గొట్టొద్దంటే, దంగల్ పేరు మీద ఎట్లా ఎగ్గొడ్తం?

హకీములదీ మధ్యే మార్గమే. ఇబ్న్ సీనా (మరణం 1037) 'అల్ ఖానూన్'లో సేహత్‌కు తప్పనిసరి అయిన ఆరు సంగతులు చెప్పాడు. అవి గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలికా ఆరామూ, మనసు కదలికా ఆరామూ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలిచేదీ బయటికి పోయేదీ. మియాబీవీల కలయిక ఈ చివరిదాని కిందికి వస్తది. ఆరింట్లో దేన్నీ పూర్తిగా బంద్ చెయ్యమనలేదు, అతి చెయ్యొద్దన్నారు. కడుపు నిండుగా ఉన్నప్పుడు, ఒళ్లు అలిసిపోయినప్పుడు కలవొద్దని యునానీ హకీముల సలహా. ఏడో నిజాం చార్మినార్ పక్కన కట్టించిన నిజామియా తిబ్బీ దవాఖానాలో నడిచేది కూడా ఈ ఇల్మే.

ఇక పహిల్వాన్లలో పహిల్వాన్ గామా (1878-1960). 1910లో లండన్ పోయి జిబిస్కోతో తలపడ్డడు. మొదటి కుస్తీ తేలలేదు, రెండోదానికి జిబిస్కో రానే లేదు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషం లోపల పడేసిండు. అప్పటికి గామాకు యాభై ఏళ్లు. ఆయన సన్యాసి కాదు, ఇల్లూ పిల్లలూ ఉన్న మనిషి. నవాజ్ షరీఫ్ బేగం కుల్సూమ్ నవాజ్ ఆయన మనవరాలే.

సైన్స్ ఏమంటది? 1968లో అమెరికాలో జాన్సన్ అనే ఆయన పెళ్లయిన 14 మంది మాజీ ఆటగాళ్ల పిడికిలి బలం కొలిచిండు. కలిసిన మరునాడూ, ఆరు రోజులు దూరంగా ఉన్నంకా బలంలో తేడా రాలేదు. 2000లో 15 మంది ఆటగాళ్ల మీద ఇంకో పరీక్ష జరిగింది. పరీక్షకు రెండు గంటల ముందు కలిస్తే గుండె నెమ్మదించడానికి ఎక్కువ సేపు పట్టింది. పది గంటల గడువుంటే ఏ ఫరక్ లేదు. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు 778 మంది మామూలు మనుషులను అడిగితే, తృప్తిగా కలిసిన రాత్రి నీంద్ బాగా పడుతుందని ఎక్కువమంది అన్నారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాలు రోజూ పది గంటలు పడకమీద ఉండమంటే ఉరుకుడు వేగం పెరిగింది, బంతి గురి 9 శాతం మెరుగైంది. తాఖత్ ఎక్కడుందో ఈ లెక్కలే చెప్తున్నయి.

అసలు నష్టం ఖౌఫ్ వల్ల. వీర్యం పోతే మనిషి ఖతమ్ అని నమ్మి, నీరసం, గాబరాతో బాధపడే పిలగాళ్లను చూసి డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో ఆ హాలత్‌కు 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. ఆ ఖౌఫ్‌నే గోడల మీద 'గుప్తరోగాల' ఇష్తిహార్లుగా అంటించి అమ్ముతున్నరు. నిద్రలో జరిగేదానికి గుసుల్ చాలు, దానికి దవా అక్కర్లేదు. ఈ ఒక్క మాట అబ్బా చెప్తే పిలగాడు రాత్రి నిమ్మళంగా పండుకుంటడు.

మన ఇండ్ల సంగతీ చూడాలె. సిరిసిల్లలో మరమగ్గాల రాత్రి షిఫ్టు. జగిత్యాల, కోరుట్లలో రెండేసి ఏండ్లు గల్ఫ్‌లో ఉండే మర్దులు. హజ్రత్ ఉమర్ (రజి.) రాత్రి గస్తీలో, జంగ్‌కు పోయిన శౌహర్ కోసం నీంద్ పట్టక బాధపడే ఔరత్ గొంతు విన్నారు. బిటియా హఫ్సా (రజి.)ను అడిగి, సిపాయిలను నాలుగు నెలలకు మించి ఇంటికి దూరం పెట్టొద్దని హుకుం ఇచ్చారు. కొన్ని రివాయతుల్లో ఆరు నెలలని ఉంది. సిపాయి బలం కోసం ఇంటి నీంద్‌ను బలి పెట్టొద్దని ఆయనకు సమఝయింది.

కాబట్టి పోటీ ముందర బహూను మైకేకు పంపకండి. పిలగాని ఫోన్ పక్కన పెట్టించండి. ఇషా తర్వాత కబుర్లు వద్దన్నది సున్నత్. మియాబీవీలు కలిసినా వజూ చేసుకొని వేళకు పండుకుంటే, ఫజర్‌కు లేచే ఒళ్లు దంగల్‌కు కూడా తయారుగా ఉంటది, ఇన్షా అల్లాహ్.