గుణకారం వచ్చు, జనం లెక్కే రాదు

చాలా ఏళ్ళ కిందటి మాట. మా పెద్ద బాసుగారి ప్రసంగాన్ని అందరి డెస్కుల దగ్గరా లైవ్‌లో చూపించే పని నా నెత్తిన పడింది. స్ట్రీముకి 300 కేబీపీఎస్, చూసేది ఓ ఇరవై మంది, వెరసి 6 ఎంబీపీఎస్. మా లింకు 8. హమ్మయ్య అనుకున్నా. తీరా ఆ పొద్దున జీతాల పెంపు గురించి చెప్తారని పుకారు పుట్టింది. నూట యాభై మంది ఒకేసారి నొక్కారు. తర్వాతేం జరిగిందో చెప్పక్కర్లేదుగా :)

అప్పట్నుంచీ ఈ లెక్కల చరిత్ర మీద ఓ కన్నేసి ఉంచాను. నాకంటే ఘనులున్నారని తెలిసి కాస్త ఊరట.

మొదట్లో అసలు తలలు లెక్కపెట్టే పనే లేకుండా చేద్దామనుకున్నారు. 1992 మార్చిలో శాన్‌డియెగో ఐఈటీఎఫ్ సమావేశపు ఆడియోని 20 చోట్లకి మల్టీకాస్ట్ చేశారు. పంపేవాడు ఒక్క కాపీ పంపితే చాలు, దారి చీలే చోట రౌటర్లే నకళ్ళు తీస్తాయి. పదిమంది చూసినా పదివేలమంది చూసినా పంపేవాడికి ఒకటే. ఎంత చక్కటి ఊహ! కానీ ఐఎస్పీల సరిహద్దులు దాటి అది వ్యాపించలేదు. దాంతో మనిషికో స్ట్రీము లెక్కే మిగిలింది.

ఆ లెక్క రుచి 1999 ఫిబ్రవరిలో తెలిసింది. సూపర్ బౌల్‌లో ప్రకటన ఇచ్చి మరీ విక్టోరియాస్ సీక్రెట్ ఫ్యాషన్ షోని నెట్‌లో చూపించారు. సుమారు 15 లక్షల మంది ఎగబడ్డారు, చాలామందికి బొమ్మే రాలేదు. మోడెము వేగం 28 కేబీపీఎస్ చొప్పున వేసుకున్నా, అంతమందీ ఒకేసారి చూస్తే 42 గిగాబిట్లు!

బిట్‌రేట్ సంగతంటారా, అక్కడ మనం గెలుస్తూనే ఉన్నాం. 2003లో హెచ్.264 వచ్చింది. 2013లో హెచ్.265 వచ్చి, అదే నాణ్యతకి దాదాపు సగం బిట్లు చాలంది. మరి జనం?

2019 జులైలో భారత్, న్యూజిలాండ్ సెమీఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. సగటున 500 కేబీపీఎస్ అనుకున్నా 12.65 టెరాబిట్లు. సీడీఎన్‌లు లేకపోతే ఊహించలేం. పోనీ, వికెట్ పడి జనం వెళ్ళిపోతే హాయా అంటే అదీ లేదు. బ్యాక్ నొక్కినవాళ్ళందరికీ ఒక్కసారిగా హోంపేజీ కావాలి. వీడియో బరువు తగ్గి, ఆ బరువు వేరే సర్వర్ల మీద పడుతుంది.

ధోనీ ఎంతసేపు క్రీజులో ఉంటాడో స్ప్రెడ్‌షీట్‌లో ఏ గడిలో రాస్తాం చెప్పండి?

అందుకే ఇప్పుడెవరైనా బ్యాండ్‌విడ్త్ ఎస్టిమేట్ అడిగితే, బిట్‌రేట్ కంటే ముందు నేనడిగేది ఒకటే: "ఆ రోజు ఏం చెప్తారట?"