ల్యాబ్ గేటు దగ్గరే ఆగిపోయిన రిజర్వేషన్

హైదరాబాద్‌లో బయోఆసియా సదస్సు 2004లో మొదలైంది. 2023లో ఇరవయ్యోది జరిగింది. శాస్త్రవేత్తలు, కంపెనీల యజమానులు, పెట్టుబడిదారులు, మంత్రులు అక్కడ ఒకచోట కూర్చుంటారు. ల్యాబ్‌లో పుట్టిన పరిశోధన వ్యాపారంగా మారే దారి అక్కడ తేలుతుంది. మన ధర్నాల్లో, మన కరపత్రాల్లో ఈ సభల ఊసే రాదు. ఎందుకు రావాలో ఈ భాగంలో రాస్తున్నాను.

సభలంటే ఉత్త ఉపన్యాసాలని తీసిపారేయకండి. శాంతా బయోటెక్నిక్స్ చరిత్ర చూడండి. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి జీవశాస్త్రం చదివినాయన కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్. జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సుకు బంధువు వెంట వెళ్లి హెపటైటిస్ బి సమస్య గురించి విన్నారు. 1993లో కంపెనీ పెట్టారు. తొలినాళ్ల పరిశోధన ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో సాగింది. 1997లో టీకా వచ్చింది. విదేశీ టీకా ధరలో చిన్న వంతుకే దొరికింది. మన వాడల పిల్లలకూ మేలు జరిగింది, కాదనను. ఆయన శ్రమనూ తక్కువ చేయను. నేను అడిగేది ఒక్కటే: ఆ హాల్లోకి తీసుకెళ్లే బంధువు మాదిగ, మాల పిల్లల్లో ఎంతమందికి ఉన్నాడు?

బంధుబలం లేని మనకు రాజ్యాంగం ఇచ్చిన దారి రిజర్వేషన్. దానికి ఇక్కడ రెండు గేట్లు అడ్డం పడ్డాయి.

మొదటి గేటు 1975 జూన్ 23 నాటిది. ఎమర్జెన్సీకి సరిగ్గా రెండు రోజుల ముందు కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశోధన చేసే, నడిపించే శాస్త్ర సాంకేతిక పోస్టులను, గ్రూప్-ఎ తొలి మెట్టు దాటాక, రిజర్వేషన్ నుంచి మినహాయించే వీలు కల్పించింది. అంటే లోపలికి రావచ్చు, కానీ ఏ పరిశోధన జరగాలో నిర్ణయించే కుర్చీకి హామీ లేదు.

రెండో గేటు ల్యాబ్‌కీ కంపెనీకీ మధ్య ఉంది. 1999లో శామీర్‌పేట వైపు ప్రభుత్వమే జీనోమ్ వ్యాలీకి పునాది వేసింది. ప్రజల డబ్బుతో పుట్టిన పరిజ్ఞానం లైసెన్సు రూపంలో కంపెనీలకు వెళ్తుంది. శాస్త్రవేత్త సలహాదారుగా వెళ్తాడు. రాయితీలు వెంట వెళ్తాయి. రిజర్వేషన్ ఒక్కటే గేటు దగ్గర ఆగిపోతుంది. ప్రైవేటు ఉద్యోగాల్లో అది వర్తించదు కదా!

చట్టంలో సందులు లేకపోలేదు. 2012 నాటి కేంద్ర కొనుగోళ్ల విధానం ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమల నుంచి 4 శాతం కొనాలంటుంది. బయోటెక్ స్టార్టప్‌లకు బైరాక్ 50 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. దళిత పారిశ్రామికవేత్తల కోసం తెలంగాణలో 2014లో టీ-ప్రైడ్ వచ్చింది. వీటిని ఒకదానితో ఒకటి కలిపే పని మాత్రం మనం చేయించుకోవాలి.

కాబట్టి విద్యార్థి సంఘాలకు మూడు డిమాండ్లు. ప్రభుత్వ ల్యాబ్ పరిజ్ఞానం తీసుకునే కంపెనీలు తమ ఉద్యోగుల సామాజిక వివరాలు ప్రకటించాలి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఇంక్యుబేటర్లలో మన వాటా మనకు దక్కాలి. బయోఆసియాలో ఎస్సీ, ఎస్టీ పరిశోధక విద్యార్థులకు ఉచిత ప్రవేశం, స్టాళ్లు ఇవ్వాలి.

ఫ్లాస్కులు కడిగేది, జంతుశాల ఊడ్చేది ఎవరో మనకు తెలుసు. పేటెంటు మీద పేరు ఎవరిదో కూడా అడగడం మొదలుపెడదాం.

జై భీమ్.