లక్ష ఎకరాల కల

ఇంగ్లండులోని చెషైర్‌లో వేల్ రాయల్ అనే భవంతి, దాని చుట్టూ తాతలనాటి భూములు. మూడో లార్డ్ డెలమీర్ కంటికి ఆ సిరి ఆనలేదు. ఆఫ్రికాలో సింహాల వేట రుచి మరిగాడు. 1903లో కెన్యాలోని న్జోరో దగ్గర లక్ష ఎకరాలు 99 ఏళ్ల కౌలుకు పట్టాడు.

గొర్రెలను తెప్పిస్తే చచ్చాయి. మేలుజాతి ఆవులను తెప్పిస్తే రోగాలు ఎత్తుకుపోయాయి. గోధుమ వేస్తే కుంకుమ తెగులు తినేసింది. అసలా నేలలోనే ఖనిజాల కొరత; అక్కడి పశుపోషకులైన మాసాయిలు ఆ నేలమీద మందలు మేపేవారే కాదు. దొరగారు వాళ్లతో వాళ్ల భాషలోనే కబుర్లాడేవారట, ఈ ఒక్క ముక్క ముందే అడిగి ఉండాల్సింది! ఆ నష్టాలు పూడ్చడానికి వేల్ రాయల్ ఆస్తి తాకట్టుకెళ్లింది.

మాసాయిల సంగతి? బ్రిటిష్ ప్రభుత్వంతో 1904లో కుదిరిన ఒప్పందంతో రిఫ్ట్ లోయ వదిలి, ఉత్తరాన లైకిపియాకు వెళ్లారు. 1911లో మరో ఒప్పందం, అక్కడినుంచీ దక్షిణానికి తరిమింది. 1913లో కోర్టుకెక్కితే, మీరు పరాయి ప్రజలు, ఈ ఒప్పందాలపై విచారించే అధికారం మాకు లేదని కొట్టేసింది. పుట్టిన గడ్డమీద పరాయివాళ్లయ్యారు.

డెలమీర్ 1931లో అప్పులు మిగిల్చి పోయాడు. నైరోబీలో ఒక పెద్ద వీధికి ఆయన పేరు పెట్టారు, అక్కడే విగ్రహమూ నిలిపారు. స్వాతంత్ర్యం వచ్చాక వీధి దేశనేత కెన్యాట్టాదైంది; విగ్రహం వంశం చేతిలో మిగిలిన, రిఫ్ట్ లోయలోని సోయ్‌సాంబు ఎస్టేటుకు చేరింది. దాదాపు యాభై వేల ఎకరాల ఎస్టేటు అది.

ఆ ఎస్టేటులోనే 2005లో మునిమనవడు టామ్ ఒక మాసాయి వన్యప్రాణి రక్షకుణ్ణి కాల్చాడు. దోపిడీదొంగ అనుకున్నానన్నాడు. అటార్నీ జనరల్ కేసు ఎత్తేశాడు, మాసాయిలు భగ్గుమన్నారు. ఏడాది తిరిగేసరికి అదే నేలమీద, వేటకొచ్చిన ఒక రాతిపనివాడు అతని తూటాకే పోయాడు. ఈసారి టామ్ విచారణ ఖైదీగా మూడేళ్లు కమితి జైల్లో ఉన్నాడు. 2009లో హత్య కాదు, ఉద్దేశం లేని నరహత్య అంటూ ఎనిమిది నెలల శిక్ష వేశారు. 2016లో తుంటి ఆపరేషన్ తర్వాత, 48 ఏళ్లకే చనిపోయాడు. తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు.

ముత్తాత ఆస్తిని కరగదీశాడు, మునిమనవడు పరువును. కానీ ఈ వంశానిది పతనమే అయినా, అందులో వాళ్లు పోగొట్టుకున్నదానికంటే పక్కవాళ్లు పోగొట్టుకున్నదే ఎక్కువ. సోయ్‌సాంబు నేడు వన్యప్రాణి సంరక్షణ క్షేత్రం. 1904లో వదిలిన ఆ పచ్చిక మాసాయిలకు తిరిగి దక్కలేదు.